అంబలి కుండ: చెమర్చినన్నాళ్ళే చల్లదనం

రంగు వేయని మామూలు ఎర్రమట్టి కుండ, నాలుగు లీటర్లు పడుతుంది. కొన్ని ఎండాకాలాలుగా మా ఇంట్లో రాగి అంబలికి ఇదే వాడకం. రాగులు ఒంటికి మంచివని అందరికీ తెలుసు కాబట్టి దాని జోలికి పెద్దగా పోను. ఈ కుండలో ప్రాణం పెట్టేసే గుణం ఒకటే: అది చెమరుస్తుంది. తర్వాత అంబలిని పాడుచేసిందీ ఆ గుణమే.

ఫ్రిజ్‌లో పెట్టిన అంబలి గడ్డకట్టినట్టు చిక్కబడుతుంది, దాన్ని మళ్ళీ నీళ్ళతో పిసకాలి. కుండలోది తెల్లారేసరికి గరిటెకు జారుతూ, గొంతు జివ్వుమనకుండా తాగేంత చల్లగా ఉంటుంది. కుండ గోడలోని సన్న రంధ్రాల్లోంచి నీరు బయటికి ఊరి, ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లదనం. అందుకే ఒకే ఆవంలో కాలిన రెండు కుండలు సముద్రానికి దూరంగా ఉన్న పొదిలి, కనిగిరి వైపు ఒకలా, తీరానికి దగ్గరున్న కావలి, కొత్తపట్నం వైపు ఇంకోలా ఉంటాయి. ఎండ 42 డిగ్రీలుండి గాలిలో తేమ 20 శాతమే ఉంటే లోపలిది 24 డిగ్రీల దగ్గరికి దిగే వీలుంది. ఎండ 36 డిగ్రీలే ఉన్నా తేమ 60 శాతం ఉంటే ఎంత మంచి కుండైనా 29 కన్నా కిందికి దిగదు. సముద్రం గాలి తిరిగిన సాయంత్రాల్లో కుండ డీలాపడితే దాన్ని తిట్టి లాభం లేదు. పడమటి గాలి కొట్టే పగటిపూట అదే కుండ మళ్ళీ దారికొస్తుంది.

కుండను గదిమూల పెట్టకూడదు. నీడపట్టున, గాలి అటూ ఇటూ ఆడేచోట, తడి ఇసుక పోసిన మూకుడు మీద పెట్టాలి. చుట్టూ తడిగుడ్డ కడితే మంచిదే కానీ, గుడ్డ ఆరిపోయి అలాగే ఉండిపోతే గాలిని అడ్డుకుంటుంది.

మేము చేసే కొలత నలుగురికి సరిపోతుంది. సాయంత్రం 50 గ్రాముల నూకల్ని 800 మిల్లీలీటర్ల నీళ్ళలో మెత్తగా ఉడికించాలి. 60 గ్రాముల రాగిపిండిని 200 మిల్లీలీటర్ల చల్లటి నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి, ఉడుకుతున్న నూకల్లో సన్నధారగా పోస్తూ తిప్పాలి. పొడిపిండిని వేడినీళ్ళలో చల్లితే పైన ఉడికి లోపల పచ్చిగా ఉండే ఉండలు కడుతుంది, వాటిని ఏ గరిటే విడదీయలేదు. సన్నమంట మీద పది నిమిషాలు ఉంచితే పచ్చివాసన పోయి పైన మెరుపు వస్తుంది. వేలు పెడితే ఓర్చుకునేంత ఆరాక, మూడు చెంచాల పులిసిన మజ్జిగ కలిపి కుండలో పోయాలి. వేడివేడిగా పోస్తే కుండ బీటలిస్తుంది. మజ్జిగ వేసేది రుచికి మాత్రమే అనుకోవద్దు. మన మే నెల రాత్రుల వేడికి, పులుపు త్వరగా ఎక్కని ఉడికిన గంజిలో కడుపు చెడగొట్టే క్రిములు పెరుగుతాయి. ముందే మజ్జిగ పడితే పులుపు తొందరగా ఎక్కి వాటిని అణుస్తుంది. మాఘంలో పన్నెండు గంటలు పట్టే పులుపు రోహిణి కార్తెలో ఏడెనిమిది గంటలకే వస్తుంది. పొద్దున అర లీటరు చిక్కటి మజ్జిగ కలుపుకుని ఎర్రగడ్డ (ఉల్లిపాయ), ఊరమిరపకాయ నంజుకోవడమే.

ఉప్పు మాత్రం కుండలో వేయొద్దు. ఎవరి గ్లాసులో వాళ్ళు వేసుకోవాలి. కుండలో వేసిన ఉప్పు నీళ్ళతోపాటు గోడలోకి ఊరి, బయట తెల్లటి పొడిగా తేలి, ఆ రంధ్రాల్నే పూడుస్తుంది. ఉప్పదనం ఉన్న బోరు నీళ్ళతోనూ ఇదే గతి.

ఇక చెడిన సంగతి. మొదటి ఎండాకాలమంతా కుండ బంగారంలా పనిచేసింది. రెండో ఎండాకాలం రోహిణి కార్తె వచ్చేసరికి అంబలి తేడా కొట్టడం మొదలైంది. పుల్లటి వాసన పోయి ముక్కిన వాసన. మజ్జిగ మార్చి చూసినా, పిండి మార్చి చూసినా అంతే. తర్వాత గరిటె పైకెత్తితే సన్నటి జిగట తీగలు సాగాయి. అలా తీగ సాగిన అంబలిని ఎంత ఉప్పేసినా, ఎంత మజ్జిగ పోసినా తాగకూడదు, పారబోయాల్సిందే. అదే రోజు అదే గంజి స్టీలు గిన్నెలో పోసినది శుభ్రంగా పులిసింది. దాంతో తప్పు కుండదని తేలిపోయింది.

కారణం రంధ్రాలే. నీళ్ళ కుండలో రంధ్రాల్లోకి పోయేది నీరూ, కాస్త ఉప్పూ. అంబలి కుండలో పిండి కూడా పోతుంది. రోజూ నింపే కుండ లోపలిగోడ ఎప్పటికీ ఆరదు కాబట్టి ఆ పిండి అక్కడే కుళ్ళి, కొత్త అంబలికి తోడుగా తనే పడుతుంది. దాన్ని ముందే పట్టుకునే గుర్తులున్నాయి. కుండ బయట నిండుగా తడి కనిపించాల్సింది పోయి, సగం నుంచి కిందికి పొడిగా మచ్చలు మచ్చలుగా ఉంటుంది. మూత కింద మెడ దగ్గర నల్లటి చుక్కలు పడతాయి. లోపల వేలితో రాస్తే గరుకు పోయి నున్నగా, పలుచటి పొర పట్టినట్టు తగులుతుంది. ఈ మూడింటిలో ఏది కనిపించినా వాడకం ఆపాలి.

అలాంటప్పుడు గిన్నెల సబ్బు ముట్టనివ్వొద్దు. రంధ్రాల్లోకి ఎక్కిన సబ్బు తర్వాత కొన్ని వాయిల దాకా అంబలిలో తెలుస్తూనే ఉంటుంది. ముందు గోరువెచ్చటి నీళ్ళతో కుండను వెచ్చబరిచి, తర్వాత బాగా వేడినీళ్ళు పోసి అరగంట ఉంచాలి. ఆ నీళ్ళు వంచేసి కొబ్బరి పీచుతో లోపల గట్టిగా రుద్దాలి. ఇలా రెండుసార్లు చేశాక బోర్లించకుండా, నోరు ఎండవైపు ఉండేలా పక్కకి వాల్చి రెండు మూడు రోజులు మండుటెండలో వదిలేయాలి. ఆపైన మంచినీళ్ళు పోసి రాత్రంతా ఉంచి పొద్దున వాసన చూడాలి. నీళ్ళలో ముక్కిన వాసన ఉంటే ఆ కుండ ఇక మొక్కలకే. మా కుండ దీంతో తేరుకుంది కానీ పూర్తిగా కాదు. చెమర్చడం కొత్తలో ఉన్నంత లేదు, చల్లదనమూ ఒక పిసరు తగ్గింది. కుండకు వయసు లేదని మొదట్లో అందరికీ చెప్పేవాళ్ళం, ఇప్పుడు అలా చెప్పడం లేదు. అంబలి పోసే కుండకు రెండు ఎండాకాలాలంటే మంచి ఆయుష్షు.

అప్పటినుంచి పద్ధతి మారింది. అంబలి పులిసేది జాడీలో. పొద్దున మజ్జిగ కలిపాక కుండలోకి మార్చి మధ్యాహ్నానికల్లా ఖాళీ చేస్తాం. కుండలు కూడా రెండు. ఒకటి వాడకంలో ఉంటే ఇంకొకటి ఎండలో ఉంటుంది. నిజం చెప్పాలంటే జాడీలో పులుపు కుండలో అంత కమ్మగా రాదు, మట్టివాసన అసలే రాదు. ఆ రుచి కావాలంటే ఎండ బాగా కాసే రోజుల్లో, బాగా ఆరిన కుండలో ఒక రాత్రికి పులియబెట్టుకోవచ్చు, వరసగా మాత్రం వద్దు. జాడీ లోపలి మెరుపుపూత పగిలి ఉంటే దాన్ని ఊరగాయకూ అంబలికీ వాడొద్దు.

పువ్వులు, లతలు గీసి వార్నిష్ కొట్టిన కుండ కూడా మా ఇంటికి ఒకటి వచ్చింది. చల్లగా ఉంటుందని అమ్మినాయన నొక్కి చెప్పాడు. పూతతో రంధ్రాలన్నీ మూసుకున్న కుండ ఎలా చల్లబడుతుంది? కొనేముందు బయటిగోడ మీద ఒక నీటిచుక్క వేసి చూడండి. వెంటనే పీల్చుకుంటే మంచి కుండ, జారిపోతే పూత కుండ. లోపల కూడా రంగున్న దాంట్లో పులుపు అస్సలు పోయొద్దు, రంగులో విషాలుంటే అవి పులుపుకు కరుగుతాయి.

అంబలి తాగితే చర్మం నిగనిగలాడుతుందని, చెమటకాయలు రావని చెబుతుంటారు. అంత భారం అంబలి మీద వేయకండి. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో 100 గ్రాముల రాగులకు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పైన చెప్పిన కొలతలో ఒక్కొక్కరికి వచ్చే రాగిపిండి 15 గ్రాములే, అంటే 55 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళకు రోజుకు 1000 కావాలి. ఇందులో మజ్జిగ చేసే సాయం కూడా తక్కువేం కాదు. చెమటలో పోయిన నీరూ ఉప్పూ తిరిగొస్తాయి, పదకొండు దాకా ఆకలి ఆగుతుంది, నూనె టిఫిన్ తప్పుతుంది. నిజంగా ఒరిగే లాభం ఇది.

చెమటకాయలు చెమట బయటికి వచ్చే దారులు మూసుకుపోవడం వల్ల వస్తాయి. వాటికి మందు పైనుంచే. రెండు పూటలా చన్నీళ్ళ స్నానం, వదులు నూలు బట్టలు, దురదకు కాలమైన్ లోషన్. తడి ఒంటి మీద పౌడరు దట్టిస్తే అది ముద్దకట్టి ఉన్న దారులూ పూడ్చేస్తుంది. చంటిపిల్లలకు ఈ రోజుల్లో ఒంటినిండా నూనె పట్టించడమూ అంతే. మిగిలిన రాగిపిండితో నలుగు పెట్టుకునేవాళ్ళు ఎండకు కమిలిన చోట మాత్రం రుద్దొద్దు, ఆ గరుకుకు చర్మం లేస్తుంది. అన్నిటికన్నా చెడ్డది నిమ్మరసం ముఖానికి రాసుకుని ఎండలోకి పోవడం. ఆ రసం తగిలిన చోట ఎండపడితే బొబ్బలెక్కి, నల్లమచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి. నిమ్మకాయలు పిండి షర్బత్ చేసేవాళ్ళూ చేతులు కడుక్కునే ఎండలోకి రావాలి.

షుగరున్నవాళ్ళు గమనించాల్సింది ఒకటుంది. మెత్తగా ఉడికిన పలుచటి గంజి తొందరగా అరిగి చక్కెరను పెంచుతుంది. నూకలు మానేసి, రాగి సగం తగ్గించి, మజ్జిగ పెంచి, తాగిన రెండు గంటలకు ఒకసారి పరీక్ష చేసి చూసుకోవాలి. బీపీ ఉన్నవాళ్ళు చూసుకోవాల్సింది ఉప్పు: గ్లాసుకు పావు చెంచా అంటే దాదాపు గ్రామున్నర. దానికి ఊరమిరపకాయ ఉప్పు అదనం.

మాకు మిద్దె ఉంది, మిట్టమధ్యాహ్నం దాకా ఎండ పడుతుంది, కుండలు తిప్పి ఆరబెట్టే ఓపికున్న మనుషులున్నారు. అందుకే ఇన్ని చిక్కులున్నా మేము కుండ వదల్లేదు. ఎండ తగలని అపార్ట్‌మెంటులో, ఇద్దరూ పొద్దున్నే పనికి పోయే ఇంట్లో అయితే జాడీ ఒక్కటి చాలు, కుండను మంచినీళ్ళకు ఉంచుకోండి. కొనదలిస్తే శివరాత్రి దాటగానే కొనుక్కుని, రెండు రోజులు నీళ్ళలో నానబెట్టి, ఒక వారం మంచినీళ్ళే పోసి వాడాక అంబలికి తీయండి.