ఆల్‌రౌండ్ గుర్రానికి వారం ప్లాన్: రెండేళ్ళు దాటి వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఈ ప్లాన్ పనిచేస్తుంది. కానీ కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చేస్తే కాదు, మన విజయనగరం ఎండకీ, గాలిలో తేమకీ, మన ఇసకకీ తగ్గట్టు దిద్దుకుంటేనే. మా చుక్క మార్వారీ క్రాస్, అంటే మార్వారీ జాతి కలిసిన ఆడగుర్రం, పదిహేను హ్యాండ్స్ ఎత్తు ఉంటుంది, అంటే 152 సెంటీమీటర్లు. మేముండేది పూసపాటిరేగ వైపు, సరుగుడు తోటలు దాటితే చింతపల్లి బీచ్. మా చుట్టుపక్కల గుర్రం అంటే పెళ్ళి ఊరేగింపుకి తెచ్చేదే, స్వారీకని పెట్టుకున్నవాళ్ళు బాగా తక్కువ, కొత్తగా కొన్నవాళ్ళు ఎవరైనా ఫోన్ చేస్తే మొదట అడిగేది వారంలో ఏ రోజు ఏం చేయించాలి అనే, అందుకే అంతా ఒకచోట రాస్తున్నా.

చుక్క ఏ ఒక్క పోటీకీ తయారవుతున్న గుర్రం కాదు. అది గ్రౌండ్‌లో గుండ్రాలు తిన్నగా తిరగాలి, రెండడుగుల అడ్డంకి దూకాలి, బీచ్ దాకా వెళ్ళి అలిసిపోకుండా రావాలి, సాయంత్రం మా అన్నయ్య పిల్లలు ఎక్కితే నెమ్మదిగా నడవాలి. ఇన్ని చేయాల్సిన గుర్రానికి రోజూ ఒకటే పని ఇస్తే ఒళ్ళూ పాడవుతుంది, మనసూ పాడవుతుంది. ప్లాన్ చెప్తా: సోమవారం సెలవు, మంగళవారం ఫ్లాట్‌వర్క్ (అడ్డంకులు లేకుండా గ్రౌండ్‌లో చేయించే కసరత్తు), బుధవారం నేలమీద పరిచిన కర్రలు దాటించడం, గురువారం తోటల్లోకి నెమ్మదిగా షికారు, శుక్రవారం జంపింగ్, శనివారం తేలిక పని, ఆదివారం లాంగ్ రైడ్.

చూడ్డానికి ఇది మామూలు టైంటేబుల్‌లా ఉంటుంది గానీ దీని బలమంతా వరసలో ఉంది, గట్టి పని పక్కన గట్టి పని రాదు. మనిషి పరిగెత్తి వచ్చి బాగా తింటే కండరాల్లో ఖర్చయిన గ్లైకోజెన్ (కండరం దాచుకున్న పిండిపదార్థం) దాదాపు ఒక రోజులో తిరిగొచ్చేస్తుంది, గుర్రానికి అలా కాదు, బాగా అలిసేలా పని చేస్తే 48 నుంచి 72 గంటలు పడుతుంది. శుక్రవారం దూకించి శనివారం బీచ్‌కి తీసుకెళ్తే అది వెళ్తుంది, కాదనదు, గుర్రం స్వభావమే అంత, కానీ ఖాళీ కండరంతో వెళ్తుంది, కాళ్ళు తొట్రుపడేది అప్పుడే. అందుకే మధ్యలో ఆ శనివారాన్ని నేను ఎవరు ఎంత బతిమాలినా మార్చను.

సోమవారం సెలవంటే లాయంలో కట్టేసి ఉంచడం కాదు. కంచె లోపల వదిలేస్తాం, రోజంతా గడ్డి కొరుక్కుంటూ తిరుగుతుంది, దొర్లుతుంది. ఆ రోజు ఉలవలు, తవుడు సగానికి తగ్గించి ఎండుగడ్డి పెంచుతాం. ఇది తప్పనిసరి. పూర్వం యూరప్‌లో బండి గుర్రాలకి ఆదివారం సెలవిచ్చి దాణా మాత్రం మామూలుగా పెట్టేవాళ్ళు, సోమవారం పనికి కట్టగానే వెనక కండరాలు రాయిలా బిగుసుకుపోయి కదల్లేకపోయేవి, మూత్రం కాఫీ రంగులో వచ్చేది, దానికి మండే మార్నింగ్ డిసీజ్ అనే పేరే వచ్చింది. మనవైపు గుర్రాలకి ఉలవలు గుప్పిట దాచకుండా పెడతారు కదా, సెలవు రోజు తగ్గించండి అంటే పాపం ఆకలితో ఉంచుతారా అంటారు, ఆకలి తీర్చేది గడ్డి, ఒంటి బరువులో కనీసం ఒకటిన్నర శాతం గడ్డి పడితే చాలు, దానికేం లోటు ఉండదు.

మంగళవారం ఫ్లాట్‌వర్క్ నలభై నిమిషాలు, అందులో మొదటి పది నిమిషాలు పగ్గాలు వదులుగా వదిలి ఉత్త నడక. ఆ పది నిమిషాలు ఎవరూ చేయరండీ, ఎక్కగానే ట్రాట్ (నడకకీ దౌడుకీ మధ్య వేగం). తర్వాత ఇరవై మీటర్ల గుండ్రాలు, పాములా మెలికలు, నడక నుంచి ట్రాట్‌కీ ట్రాట్ నుంచి నడకకీ మార్పులు, పక్కకి అడుగులు. చుక్కకి ఎడమవైపు తిరగడం బిగుసు, మెడ తిప్పుతుంది గానీ పక్కటెముకల దగ్గర వంగేది కాదు. బిగుసున్న వైపే ఎక్కువసేపు తిప్పితే అటు ఇంకా బిగుస్తుంది, కాసేపు తిప్పి కుడికి మార్చి మళ్ళీ ఎడమకి రావాలి, ప్రతి ఐదారు నిమిషాలకి నడక, తల కిందకి చాపుకోనివ్వడం. అలా చేస్తూ పోతే ఎనిమిది నెలల ప్రాంతంలో తేడా కనిపించింది. అప్పుడే జీను కూడా చూసుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే వీపు కండ పెరిగితే పాత జీను బిగుతైపోతుంది. రైడ్ అవగానే జీను తీసి చెమట మచ్చ చూడండి, వీపంతా ఒకేలా తడిగా ఉండి భుజం వెనక మాత్రం అరచేయంత పొడి మచ్చ ఉందంటే అక్కడ జీను నొక్కేస్తోందని, చెమట కూడా పట్టనంతగా.

బుధవారం కర్రలు నాకు అన్నింటికంటే ఇష్టమైన రోజు. ట్రాట్‌కి కర్రకీ కర్రకీ మధ్య నాలుగున్నర అడుగులు అని పుస్తకాల్లో ఉంటుంది, అది పెద్ద అడుగు వేసే గుర్రాలకి, చుక్కకి నాలుగు అడుగుల రెండంగుళాల దగ్గర కుదిరింది, కాబట్టి మీ గుర్రం అడుగు మీరే కొలుచుకోండి, తడి ఇసక మీద ట్రాట్ చేయించి గిట్టల గుర్తులు టేపుతో కొలిస్తే సరి. మాకు దొరికేవి సరుగుడు కర్రలు. ఇవి నున్నగా గుండ్రంగా ఉంటాయి, గిట్ట తగిలితే దొర్లుతాయి, దొర్లిన కర్ర మీద గుర్రం కాలు పడితే ఇక చెప్పక్కర్లేదు. మా వడ్రంగి మావయ్య చేత చెక్క దిమ్మెలకి నడుమ గాడి కొట్టించి ఆ గాడిలో కర్ర కూర్చోబెట్టించాం, నేల నుంచి నాలుగంగుళాలు లేస్తుంది, కదలదు. ఆ కాస్త ఎత్తుకే వెనక కాళ్ళు బాగా మడిచి ఎత్తాల్సి వస్తుంది, పొట్ట కండ పనిచేస్తుంది, వీపు లేస్తుంది. ఇరవై నిమిషాలు చాలు. ప్రతి వారం ఒకే వరస పెడితే మాత్రం మూడో వారానికి చూడకుండానే దాటేస్తుంది, అందుకని ఒక వారం తిన్నగా, ఒక వారం గుండ్రంలో విసనకర్రలా.

గురువారం గురించి చెప్పేదేం లేదు, జీడిమామిడి తోటల మధ్య ఎర్రమట్టి బండిదారిలో గంట నడక, దారిలో చిన్న మెట్ట ఉంటే ఎక్కించి నెమ్మదిగా దించండి, ఎక్కడం వెనక భాగానికి మంచిది, దిగడం ఇంకా మంచిది గానీ తొందరపెట్టకూడదు.

శుక్రవారం జంపింగ్, వారానికి ఒక్కసారే. మొత్తం పదిహేను ఇరవై దూకుళ్ళు దాటనివ్వను, ఎత్తు రెండడుగులు, బాగా ఉన్న రోజు రెండున్నర. ట్రాట్ కర్రలు, తర్వాత ఎక్స్ ఆకారంలో చిన్న అడ్డంకి, అక్కడినుంచి ఒక్క క్యాంటర్ (ట్రాట్ కంటే వేగమైన దౌడు) అడుగుకి సరిపోయేలా పద్దెనిమిది అడుగుల దూరంలో ఇంకోటి, ఈ వరస గుర్రానికి దూకడం దానంతట అదే నేర్పుతుంది, మనం పైన కదలకుండా ఉంటే చాలు. బాగా దూకింది కదా ఇంకొక్కసారి అనిపిస్తుంది చూడండి, అక్కడే దిగిపోవాలి.

శనివారం కాగితం ప్లాన్‌లో పొడుగు తాడు మీద గుండ్రంగా తిప్పడం అని ఉంటుంది. ఇది నాకు నచ్చని భాగం. గుండ్రంగా తిరిగేటప్పుడు బరువంతా లోపలి కాళ్ళ కీళ్ళ మీద పడుతుంది, చిన్న గుండ్రం అయితే మరీను. ఇరవై మీటర్ల గుండ్రం, రెండు వైపులా కలిపి పదిహేను నిమిషాలు, అదీ వారం విడిచి వారం, మిగతా శనివారాలు పిల్లల్ని ఎక్కించి ఉత్త నడక.

ఇక ఆదివారం. తెల్లారకముందే బయల్దేరి బీచ్‌కి. పొడి ఇసకలో గిట్ట దిగబడుతుంది, కాలి వెనక నరాల (టెండన్ల) మీద లాగుడు ఎక్కువ, అక్కడ నడకే. అల తాకి వెళ్ళిపోయిన తడి ఇసక మీద ట్రాట్, గిట్ట గుర్తు అరంగుళం లోతు మాత్రమే పడే చోటు చూసుకోండి, అదే సరైన గట్టిదనం. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు, ఒడ్డు సముద్రం వైపు వాలుగా ఉంటుంది, ఒకవైపే వెళ్తే ఒకవైపు కాళ్ళు ఎప్పుడూ పల్లంలో ఉంటాయి, అందుకే పరుగు ఎంత దూరం అటు చేయిస్తే అంతే ఇటు కూడా చేయించాలి, వచ్చేటప్పుడు తోటల దారిలో రావడం కుదరదు. ఐదు నిమిషాల ట్రాట్, రెండు నిమిషాల నడక, ఇలా మూడు సార్లు, గుర్రం గట్టిపడ్డాక చివర్లో మూడేసి నిమిషాల క్యాంటర్ రెండు.

ఆగాక పల్స్ చూస్తా. గుర్రం ఎడమ ముందుకాలి మోచేయి వెనక స్టెతస్కోప్ పెట్టి పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడమే. నిలబడి ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 ఉంటుంది, పనయ్యాక పది పదిహేను నిమిషాల్లో 64 కంటే తగ్గాలి, ఎండ్యూరెన్స్ (దూరప్రయాణ) పోటీల్లో వెట్ (పశువైద్యుడు) దగ్గర చూసేది కూడా ఈ అంకే. మొదట్లో చుక్కకి పదిహేను నిమిషాలు పట్టేది, ఇప్పుడు అదే పనికి ఆరేడు నిమిషాల్లో దిగిపోతోంది. ప్లాన్ పనిచేస్తుందని నేను ధైర్యంగా చెప్తున్నది దీన్ని చూసే.

మనకి అసలు సమస్య ఉక్క. ఫారెన్‌హీట్‌లో ఉష్ణోగ్రతకి తేమ శాతం కలపండి, 150 దాటితే గుర్రం ఒళ్ళు చల్లబరుచుకోవడం కష్టమవుతుంది, 180 దాటితే పని చేయించకూడదు. మే నెలలో తెల్లవారుజామున మన దగ్గర 28 డిగ్రీలు అనుకుందాం, అంటే 82 ఫారెన్‌హీట్, తేమ 85 శాతం, కలిపితే 167. సూర్యుడు రాకముందే ఆ పరిస్థితి! చల్లటి దేశాల్లో రాసిన ప్లాన్ ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇక్కడ నడవదు, ఆ మూడు నెలలూ గట్టి పని వారానికి ఒక్క రోజే, సమయం సగం. పనయ్యాక నీళ్ళు ఆపకుండా పోస్తూనే ఉండాలి, వేడి గుర్రం మీద చన్నీళ్ళు పోస్తే కండలు పట్టేస్తాయని మనవాళ్ళకి గట్టి నమ్మకం, కానీ 1996 అట్లాంటా ఒలింపిక్స్ వేడికి గుర్రాలు తట్టుకోవాలని అప్పట్లో చేసిన పరిశోధనల్లోనే చన్నీళ్ళు క్షేమమని తేలింది. చెమటతో ఉప్పు కూడా చాలా పోతుంది, గుర్రం చెమటలో రక్తంలో కంటే ఎక్కువ ఉప్పుంటుంది, రోజూ దాణాలో గుప్పెడు మామూలు ఉప్పు కలుపుతాం, పక్కన నీళ్ళు ఎప్పుడూ నిండుగా ఉండాలి.

ప్లాన్‌లో రాసి ఉండనిది, నాకు అన్నిటికంటే పనికొచ్చింది, పొద్దున్నే కాళ్ళు తడమడం. మా దగ్గర గుర్రాన్ని చూసుకునే తాత లైటు వెయ్యకముందే చీకట్లో నాలుగు కాళ్ళూ మోకాలి కింద నుంచి గిట్ట దాకా చేత్తో రాసుకుంటూ వస్తాడు. ఒక శనివారం నేను వెళ్ళేసరికి, "అమ్మా, ముందర ఎడంకాలు ఎచ్చగా ఉన్నాది, ఒకపాలి సెయ్యెట్టి సూడు" అన్నాడు. నాకు పెద్దగా తేడా తెలియలేదు. "ఈరోజు ఎక్కొద్దంటావా తాతా?" అంటే "ఎక్కొద్దమ్మా, సేత్తో పట్టుకుని నడిపిత్తాను, రేపు సూద్దాం" అన్నాడు. ఆ ఆదివారం బీచ్ మానేశాం, మంగళవారానికి కాలు చల్లబడింది. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే గట్టిపడతాయి, నరాలకీ (టెండన్లకీ) ఎముకకీ నెలలు పడుతుంది, కొన్నిసార్లు ఏడాది. గుర్రం ఉత్సాహంగా ఉంది కదా అని పని పెంచేస్తే కాలు పోయేది ఆ మధ్య కాలంలోనే.

వానాకాలంలో ఎర్రమట్టి జారుడు, జంపింగ్ బంద్, కర్రలు కూడా నడకలోనే. గిట్టలు రోజూ ఆరబెట్టకపోతే అడుగు మెత్తబడి వాసనొస్తుంది. అక్టోబరు, నవంబరులో తుఫాను పట్టి వారం కదలకపోతే మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు రెండు మూడు రోజులు నడకే, పాత స్థాయి వెంటనే అడగొద్దు. దీపావళి వారం టపాసులకి నిద్ర ఉండదు, ఆ వారం తేలిక వారం చేసేస్తా, ఎలాగూ ప్రతి నాలుగో వారం పని సగానికి తగ్గించడం అలవాటు. లాడాల సంగతి వేరే గోల, మన ఊళ్ళలో ఎడ్లకి కొట్టేవాళ్ళే గానీ గుర్రాలకి తెలిసినవాళ్ళు దొరకరు, విశాఖ నుంచి పిలిపించుకోవాలి, ఐదారు వారాలకోసారి. ఆయన వచ్చిన మర్నాడు జంపింగ్ పెట్టుకోకండి.

ఎవరికి సరిపోదంటే, పదిహేనేళ్ళు దాటిన గుర్రానికి, నాలుగేళ్ళ లోపు పిల్లకి ఆరు రోజులు ఎక్కువ, నాలుగు చాలు. ఉద్యోగం చేసుకుంటూ ఒక్కరే చూసుకునేవాళ్ళకి కూడా కష్టమే, మాకు తాత ఉన్నాడు కాబట్టి గడుస్తోంది. వారానికి మూడు రోజులే దొరుకుతాయంటే మంగళవారం ఫ్లాట్‌వర్క్‌లోనే చివర నాలుగు కర్రలు కలిపేయండి, గురువారం లేదా శుక్రవారం తోటల్లో నడక, ట్రాట్, ఆదివారం లాంగ్ రైడ్ ఉంచుకోండి. జంపింగ్ పదిహేను రోజులకోసారి మంగళవారం బదులు పెట్టుకోవచ్చు. మిగతా నాలుగు రోజులూ మాత్రం కంచె లోపల వదలాలి, కట్టేయొద్దు.