నల్లగొండ శివారులో రాక్ కచేరీ: పాటకు మంచి మార్కులు, భద్రతకు కాదు

ఇటీవల నల్లగొండ పట్టణ శివారులోని ఒక ఫంక్షన్ గార్డెన్‌లో జరిగిన రాక్ కచేరీకి మా అమ్మాయినీ, ఆమెతో డిగ్రీ చదువుతున్న స్నేహితురాళ్లనూ తీసుకొని వెళ్లాను. ముందువైపు నిలబడి చూసే టికెట్ 500 రూపాయలు, వెనుక కుర్చీల టికెట్ 300 రూపాయలు. ఈ సమీక్షలో సంగీతం గురించి కొద్దిగా, నిర్వాహకులు జనం కోసం చేసిన ఏర్పాట్ల గురించి ఎక్కువగా రాస్తున్నాను. టికెట్ డబ్బులు తీసుకున్నవారు పాట వినిపించడంతో పాటు, వచ్చినవారిని క్షేమంగా ఇంటికి పంపే బాధ్యత కూడా తీసుకున్నట్టే అని నేను గట్టిగా నమ్ముతాను.

ముందుగా పాట సంగతి. హైదరాబాద్ నుంచి వచ్చిన యువ బృందం చాలా బాగా వాయించింది. పాలమూరు వైపు వినిపించే జానపద బాణీలను గిటార్ల మీదికి తెచ్చి, డ్రమ్స్ పక్కన డప్పును నిలబెట్టి, రెండింటి మధ్య జరిపిన సంవాదం వినదగినది. మాటలు స్పష్టంగా వినిపించేలా సౌండ్ సరిచేసినవారిని కూడా మెచ్చుకోవాలి. జిల్లా కేంద్రంలో ఇలాంటి కచేరీలు తరచుగా జరగాలని కోరుకునేవారిలో నేనూ ఒకడిని, అందుకే మిగిలిన విషయాలు దాచకుండా చెబుతున్నాను.

ఇబ్బంది గేటు దగ్గరే మొదలైంది. సాయంత్రం ఆరు గంటలకు లోపలికి పంపుతామని టికెట్ మీద అచ్చు వేశారు. ఏడు దాటినా గేటు తెరవలేదు. ఈలోగా లోపల సౌండ్ చెక్ మొదలై గిటార్ మోత బయటికి వినిపించేసరికి, కచేరీ మొదలైపోయిందనుకొని వెనుకనున్నవారు ముందుకు తోసుకురావడం మొదలుపెట్టారు. చివరకు గేటు రెండు రెక్కల్లో ఒక్కటే తెరిచి, ఒక్కొక్కరి చేతికి బ్యాండు కడుతూ పంపారు. 1979 డిసెంబర్ 3న అమెరికాలోని సిన్సినాటిలో ‘ది హూ’ బృందం కచేరీకి ముందు జరిగింది ఇంచుమించు ఇదే. సీట్ల నంబర్లు లేని టికెట్లు అమ్మారు, కొద్ది తలుపులే తెరిచారు, లోపలి శబ్దం విని పాట మొదలైందని జనం తోసుకున్నారు, పదకొండు మంది తలుపుల దగ్గరే చనిపోయారు. అంత దూరం పోనవసరం లేదు. 2023 నవంబర్‌లో కొచ్చి విశ్వవిద్యాలయంలో సంగీత కార్యక్రమానికి ముందు వాన పడడంతో జనం ఒక్కసారిగా లోపలికి తోసుకురాగా, మెట్ల దగ్గర తొక్కిసలాట జరిగి నలుగురు ప్రాణాలు కోల్పోయారు. ముందున్నవారి అవస్థ వెనుకనున్నవారికి కనిపించదు, అరుపులు వినిపించినా ఉత్సాహం అనుకుంటారు. కాబట్టి ఆ సమాచారం వెనక్కి చేరవేయడానికి గేటు బయట మైకు పట్టుకొని ఒక మనిషి తప్పనిసరిగా ఉండాలి. ఇక్కడ ఉన్నది ఇద్దరు బౌన్సర్లు, వారు చేసింది బూతులు తిడుతూ ఛాతీల మీద చేతులు పెట్టి వెనక్కి నెట్టడం.

లోపల వేదిక ముందు వెదురు బొంగులను కొబ్బరితాళ్లతో కట్టి బారికేడ్ అనిపించారు. పక్కకు తప్పుకోవడానికి మధ్యలో దారి వదలలేదు, ఇరువైపులా స్పీకర్ల బాక్సులు పేర్చి ఉన్న దారినీ మూసేశారు. మూడో పాటకు వెనుక నుంచి ఒక కదలిక వచ్చి, నిలబడినవారందరినీ వారి ప్రమేయం లేకుండానే నాలుగడుగులు ముందుకు తీసుకుపోయింది. మా అమ్మాయి స్నేహితురాలి కడుపు బొంగుకు ఒత్తుకుపోయింది, చేతులు రెండూ కిందే ఇరుక్కున్నాయి. “అంకుల్, ఊపిరాడుతలేదు” అని ఆ పిల్ల అన్నమాట పాట హోరులో నాకు వినిపించలేదు, పెదవుల కదలికను బట్టి అర్థమైంది. తాడు ముడి దగ్గర బొంగు చిట్లి, దాని పేడు ఆమె దుపట్టాను చీల్చింది.

ఇలాంటి చోట ప్రాణాలు పోయేది ఎక్కువగా కాళ్లకింద పడి నలగడం వల్ల అని మనం అనుకుంటాం. నిజానికి చాలామంది నిలబడినచోటే ఊపిరాడక చనిపోతారు, ఎందుకంటే నాలుగు వైపుల నుంచి ఒత్తిడి పడినప్పుడు ఛాతీ విప్పారడానికి చోటు ఉండదు. చదరపు మీటరుకు నలుగురైదుగురి దాకా ఉంటే మనిషి తన ఇష్టప్రకారం కదలగలడు. ఏడుగురికి చేరేసరికి జనం నీటిలా ఒకే ముద్దగా ఊగుతుందనీ, ఆ ఊపును ఒక్కరి బలం ఆపలేదనీ జనసమ్మర్ద ప్రమాదాలను అధ్యయనం చేసిన జాన్ ఫ్రూయిన్ ఎప్పుడో వివరించారు. అలాంటప్పుడు ఎవరు తోశారని వెతకడం వృథా.

కచేరీ అయ్యాక నిర్వాహకుల్లో ఒకరిని కలిసి ఈ విషయం చెబితే, “పిలగాళ్లు అన్నంక తోసుకుంటరు సార్, మేమేం జేస్తం” అన్నారు. ఈ జవాబును నేను అంగీకరించను. అల్లరి జరగలేదని చెప్పడం లేదు. చొక్కాలు విప్పి గాలిలో తిప్పినవారు, సగం నిండిన నీళ్ల సీసాలు విసిరినవారు, ఒక కుర్రవాణ్ని చేతులమీద పైకెత్తి ముందుకు పంపబోయి కింద పడేసినవారు అక్కడ ఉన్నారు. వేదిక ముందు ఒకరినొకరు ఢీకొంటూ గెంతే, మాష్ పిట్ అనే ఆ గుంపు ఆటకు కూడా కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి: ఎవరైనా పడిపోతే చుట్టూ ఉన్నవారు వెంటనే ఆగి లేపాలి, ఇష్టం లేనివారిని లోపలికి లాగకూడదు, ఆడపిల్లల మీద చెయ్యి వేయకూడదు. మన కుర్రాళ్లు ఆ గెంతులను ఫోన్లలో రీల్స్ చూసి నేర్చుకున్నారు, కట్టుబాట్లను ఎవరూ నేర్పలేదు. పాట మొదలయ్యే ముందు వేదిక మీద నుంచి రెండు నిమిషాలు చెప్పి ఉంటే సగం మందైనా వినేవారు. ఇరుకు చేసి, ఆలస్యం చేసి, దారులు మూసి, ఆ తర్వాత పిల్లల వయసును తప్పుపట్టడం న్యాయం కాదు.

ఆడపిల్లల విషయంలో నిర్లక్ష్యం నన్ను ఎక్కువగా బాధించింది. ఆ ఆవరణలో ఒక్క మహిళా వాలంటీరు కనిపించలేదు. చీకట్లో, ఇరుకులో తగిలీ తగలనట్టు తాకే చేతులను తప్పించుకోవడానికి కొందరు అమ్మాయిలు తమంతట తామే గుండ్రంగా, వీపులు లోపలికి పెట్టి, మోచేతులు బయటికి చాచి నిలబడ్డారు. పాటకు చప్పట్లు కొట్టాల్సిన చేతులను వాళ్లు కాపలాకు వాడుకోవలసి వచ్చింది. ఆడపిల్లలను వేధించేవారిని పట్టుకోవడానికి 2014లో మొదలైన పోలీసు బృందాలు, షీ టీమ్స్, ఇప్పుడు జిల్లాల్లోనూ ఉన్నాయి. ముందుగా ఒక విన్నపం ఇచ్చి వారిని పిలవడం, వేదిక పక్కన 112 అత్యవసర నంబరును పెద్ద అక్షరాలతో రాయించడం ఖర్చుతో కూడిన పనులేమీ కావు.

ఆ సాయంత్రం బాధ్యతగా ప్రవర్తించిన వ్యక్తి ప్రధాన గాయకుడు. బారికేడ్ దగ్గరి అమ్మాయిల ముఖాలను గమనించి, చరణం మధ్యలో చెయ్యెత్తి డ్రమ్స్ ఆపించాడు. “ముందున్నోళ్లకు ఊపిరాడుతలేదు, ఎనకున్నోళ్లు మూడడుగులు ఎనక్కి జరగండి, అప్పటిదాంక పాట లేదు” అన్నాడు. లైట్లు జనం మీదికి తిప్పించాడు. నిజంగానే జనం జరిగారు. ఇందాకటి వరకు రౌడీల్లా కనిపించిన ఆ చొక్కాలు లేని కుర్రాళ్లే మా పిల్లలకు చేయి అందించి బొంగుల మీదుగా అవతలికి దాటించారు. 2021 నవంబర్ 5న అమెరికాలోని హ్యూస్టన్‌లో ర్యాప్ గాయకుడు ట్రావిస్ స్కాట్ కచేరీలో ఇలా పాట ఆపడం జరగలేదు. ప్రమాద తీవ్రతను అధికారులు గుర్తించిన తర్వాత కూడా అరగంటకు పైగా పాట కొనసాగింది, పదిమంది చనిపోయారు, వారిలో తొమ్మిదేళ్ల బాలుడూ ఉన్నాడు. పాటను ఎవరు, ఏ సైగతో ఆపాలన్నది ముందే తేల్చుకోవాలి. గాయకుడి మంచి మనసు మీద వదిలేసే విషయం కాదు.

మంచినీళ్లు ఆవరణ చివర మాత్రమే ఉన్నాయి, ప్రథమ చికిత్స బల్ల లేదు. బయటికి పోయే అదనపు దారి ఒకటి ఉంది కానీ దాని ముందు బైకులు అడ్డంగా నిలిపి హ్యాండిళ్లకు తాళాలు వేసుకున్నారు. రాత్రి పది గంటలకు లౌడ్‌స్పీకర్లు ఆపాలన్న నిబంధనను పాటించారు, అది మంచిదే. అయితే జనమంతా ఒకేసారి అదే ఒంటిరెక్క గేటు మీద పడ్డారు.

ఏటా మాఘమాసంలో చెర్వుగట్టు జాతరకు గుట్ట మీదికి ఎంతమంది ఎక్కి దిగుతారో ఈ జిల్లాలో అందరికీ తెలుసు. జనాన్ని ముక్కలుగా విడదీసి పంపాలన్న అనుభవం మనకు కొత్తది కాదు. డెన్మార్క్‌లోని రోస్కిల్డే ఉత్సవంలో 2000 జూన్ 30న పెర్ల్ జామ్ బృందం పాడుతుండగా బురదలో జారిపడి, తొక్కిసలాటలో తొమ్మిది మంది చనిపోయాక, అక్కడివారు వేదిక ముందు స్థలాన్ని విడివిడి గదులుగా చేసి, ఒక్కో గదిలోకి లెక్కపెట్టి పంపడం మొదలుపెట్టారు. ఇక్కడి గార్డెన్‌లో అలాంటి రెండు గదులకు సరిపడా స్థలం ఉంది, కానీ దాన్ని ప్లాస్టిక్ కుర్చీల దొంతరలతో నింపేశారు.

నా అంచనా ప్రకారం సంగీతానికి అయిదుకు నాలుగున్నర, ఏర్పాట్లకు ఒకటి. ఈ నిర్వాహకులు మళ్లీ కచేరీ పెడితే, వేదిక ముందు ఇనుప బారికేడ్లు, రెండు గేట్లు, మహిళా వాలంటీర్లు, అంబులెన్సు ఉన్నాయని ముందే అడిగి తెలుసుకున్నాకే ముందువైపు టికెట్ కొనండి. లేదంటే 300 రూపాయల కుర్చీలే మేలు, పాట అక్కడే ఇంకా బాగా వినిపిస్తుంది కూడా. ముందుకు వెళ్లక తప్పని కుర్రాళ్లు సౌండ్ బల్ల దగ్గర, అంచున నిలబడాలి. ఇరుకు పెరుగుతుంటే పాట పూర్తయ్యేదాకా ఆగకుండా బయటపడాలి. ఇరుక్కుపోతే ఫోను లోపల పెట్టి, చేతులను ఛాతీ ముందు మడిచి ఊపిరికి చోటు ఉంచుకోవాలి, తోపుకు ఎదురు నిలవకుండా ఊపు తగ్గినప్పుడల్లా పక్కకు, ఏటవాలుగా జరగాలి. చిన్నపిల్లలను మాత్రం ముందువైపుకు అసలే తీసుకెళ్లవద్దు.