బైసికిల్ రైడర్ బ్యాక్ పేక: హస్తలాఘవం కోసం ఏళ్ల తరబడి వాడిన తర్వాత

బల్ల చుట్టూ కూర్చున్న నలుగురైదుగురి కళ్లెదుట, చేతికందే దూరంలో చేసే ఇంద్రజాలానికి నేను చాలా ఏళ్లుగా వాడుతున్నది బైసికిల్ అనే అమెరికా బ్రాండు వారి రైడర్ బ్యాక్ పేక. ప్రపంచవ్యాప్తంగా ఇంద్రజాలికుల చేతుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే కాబట్టి దీని గురించి పొగడ్తలకు కొదవ లేదు. అయితే అవి ఎక్కువగా అమెరికాలోని బల్లల దగ్గర పుట్టిన మాటలు. విశాఖ ఉక్కపోతలో, మన పెళ్లి విడిదిళ్లలో, రమ్మీ ఆడే మేనమామల మధ్య ఈ పేక ఎలా పని చేస్తుందన్నది వేరే సంగతి, నేను చెప్పదలచుకున్నదీ అదే.

ముక్క వెనుక ఉండే బొమ్మ 1887 నాటిది: సైకిలెక్కిన రెక్కల బాలలు, చుట్టూ లతలు, వాటి చుట్టూ తెల్లని అంచు. కొత్తగా కొనేవారు బొమ్మను చూస్తారు గాని, ఈ విద్యలో ఉన్నవారికి విలువైనది ఆ తెల్లని అంచే. ముక్కలన్నీ బోర్లా ఉన్న కట్టలో ఒక్క ముక్కను రహస్యంగా వెల్లకిలా తిప్పి ఉంచినప్పుడు, కట్ట కాస్త చెదిరి అంచులు బయటపడినా, ముందువైపు అంచూ వెనుకవైపు అంచూ రెండూ తెలుపే కావడంతో చూసేవారికి తేడా కనిపించదు. అంచు లేకుండా రంగు చివరిదాకా పాకే పేకలతో అదే పని చేస్తే, ఒక్క వెంట్రుకవాసి జరిగినా తెల్లని గీత మెరిసి గుట్టు బయటపడుతుంది.

ఇక స్పర్శ. ముక్క ఉపరితలం మీద సన్నని గుంతలు అచ్చు వేసి ఉంటాయి, వాటిలో నిలిచే గాలి వల్ల ముక్కలు ఒకదానిపై ఒకటి సమంగా జారుతాయి. బల్ల మీద ఒక్క ఊపులో పరిచినప్పుడు యాభై రెండు ముక్కలూ సమాన దూరంలో నిలబడటం దీనితోనే సాధ్యమైంది. అలాగని అతిగా జారవు, రెండు ముక్కలను ఒకటిగా ఎత్తి చూపే డబుల్ లిఫ్ట్‌లో బొటనవేలి కింద రెండూ కలిసే కదులుతాయి. మన ఇళ్లలో రమ్మీకి వాడే ప్లాస్టిక్ ముక్కలతో ఈ పని నాకు ఎన్నడూ నమ్మకంగా కుదరలేదు. పై ముక్క ముందే జారిపోతుంది, మూల కొద్దిగా వంచి గుర్తు పెడితే కాసేపటికే అది తిరిగి నిటారుగా లేస్తుంది. ఒకటి విడిచి ఒకటిగా ముక్కలను అల్లే ఫారో కలయికకు కూడా ఈ కాగితపు ముక్కలే అనువు. పై ముక్క పైనే ఉండేలా తప్పు లేకుండా ఎనిమిది సార్లు అల్లితే పేక మళ్లీ మొదటి వరుసకే వస్తుంది. కొత్త కట్టతో అది పూర్తి చేసి ఇస్పేటు ఆసు నుంచి రాజు దాకా వరుసగా పరచి చూసుకున్నప్పుడు కలిగే సంతోషం సాధన చేసేవారికే తెలుస్తుంది.

కాగితం కావడమే దీని బలం, మన కోస్తాలో అదే బలహీనత. వానాకాలం రాగానే ఏ కంపెనీ కాగితపు ముక్కలైనా తేమ పీల్చి విల్లులా వంగుతాయి, అంచులు ఉబ్బుతాయి, కట్ట పెట్టెలో దూరనని మొరాయిస్తుంది. గట్టిగా మూత పట్టే స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు పెట్టి, పైన బరువు ఉంచడం తప్ప వేరే ఉపాయం నాకు దొరకలేదు. టాల్కం పౌడరు చల్లవద్దు. ఒక పూట బాగా జారుతాయి, మర్నాటికి చెమటతో కలిసి ముద్ద కడుతుంది. పెళ్లి భోజనాల తర్వాత చేయవలసి వస్తే మొదట అందరికీ కాగితపు రుమాళ్లు అందిస్తాను. లడ్డూ తిన్న వేళ్ల నేతి మరక పడిన కళావరు రాణి ఆ తర్వాత ఎక్కడ కోసినా అక్కడే ఆగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. అమెరికాలో ఈ పేక ఇంటింటా ఉండే మామూలు వస్తువు, దాన్ని ఎవరూ అనుమానించరు. అక్కడి ఇంద్రజాలికులకు ఇది ఇష్టం కావడానికి సగం కారణం అదే. మన దగ్గర అలా కాదు. సైకిలెక్కిన బాలలను చూడగానే "ఇది మ్యాజిక్ పేకా బాబూ?" అని అడగని పెద్దవారు అరుదు. అంటే చేతికి ఎంత గొప్పదైనా, చూసేవారి కంటికి ఇది నిత్యం వాడే వస్తువు కాదు. అందుకే నేను పెట్టెను ముందుగానే బల్ల మీద వదిలేస్తాను, పిల్లలు తీసి ఆడుకోనిస్తాను, రమ్మీ ఆడేవారిచేత కలిపించి కోయిస్తాను. ముక్కలు వాళ్ల వేళ్లకు అలవాటు పడ్డాకే అసలు పని మొదలుపెడతాను. దీనికి తోడు, ఆ ఇంటి ప్లాస్టిక్ పేకతో చేయగల అంశాలు మూడు నాలుగైనా నేర్చుకుని ఉండాలి. నేర్పు ఎక్కువగా వేళ్లలో కాక లెక్కలో ఉన్నవి ఇందుకు సరిపోతాయి. వాళ్ల పేకతో, పదమూడు ముక్కలు పంచి చేసిన అంశానికి వచ్చినంత స్పందన నా ఖరీదైన పేకతో ఎప్పుడూ రాలేదు.

నాణేల విషయంలో ఈ బాధ లేదు, చూసేవారి జేబులోదే అడిగి తీసుకోవచ్చు. విదేశీ నిపుణులు వాడే అర డాలరు వ్యాసం 30 మిల్లీమీటర్లు దాటుతుంది, మన పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లే. అరచేతి కండ మధ్య నొక్కి దాచడానికి మొదట్లో చిన్నదనిపించినా, అంచున ఉన్న గీతల వల్ల బాగానే పట్టు దొరుకుతుంది. పన్నెండు పలకల ఇరవై రూపాయల బిళ్లకు ఆ గీతలు లేవు, అందుకే అది నా చేతిలో నిలవదు. రబ్బరు బ్యాండ్ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు: కూరగాయల సంచికి చుట్టి వచ్చినవే చాలు.

కొనదలచినవారు ఎరుపు ఒకటి, నీలం ఒకటి తీసుకోండి, రెండు రంగుల వెనుకభాగాలతో చేసే అంశాలు చాలా ఉన్నాయి. దిగుమతి సరుకు కావడంతో మన పేక కన్నా ధర ఎక్కువే, పైగా కాగితం కనుక అరుగుతుంది. అరిగిన కట్టను మాత్రం పారేయవద్దు. ప్రేక్షకులచేత సంతకం చేయించి, చించి, చివరికి వాళ్లకే ఇచ్చేసే అంశాలకు ఆ ముక్కలే పనికివస్తాయి.