ముందు సర్వే నంబరు చూసుకోండి: యూసీఎస్‌సీ జీనోమ్ బ్రౌజర్‌లో నా డేటా

మా అమ్మ ఇరవై ఏళ్ళు ఐరన్ మాత్రలు మింగింది. రక్తం తక్కువన్నారు, తోటకూర తినమన్నారు, బెల్లం తినమన్నారు, ఏం తిన్నా హిమోగ్లోబిన్ పది దాటలేదు. చివరికి కాకినాడలో ఒక డాక్టరుగారు రక్తంలో హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష రాసి, ఇది ఐరన్ లోపం కాదమ్మా, తలసీమియా మైనర్ అన్నారు. అంటే హిమోగ్లోబిన్ తయారుచేసే జీన్ రెండు కాపీల్లో ఒకదానిలో లోపం. నాకూ అదే తేలింది. చెల్లికి మేనమామ కొడుకుతో సంబంధం అనుకుంటున్న రోజులవి, ఇక ఇంట్లో టెన్షన్ ఎంతో చెప్పక్కర్లేదు. ఇద్దరికీ మైనర్ ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తలసీమియా మేజర్, అంటే రెండు కాపీలూ లోపంతో వచ్చే తీవ్రమైన జబ్బు, వచ్చే ప్రమాదం నాలుగింట ఒక వంతు ఉంటుంది. జీన్‌లో ఏ మార్పో కచ్చితంగా తెలిస్తే రేపు కడుపులో బిడ్డకు పరీక్ష చేయడానికి పనికొస్తుందని ఒక ప్రైవేటు ల్యాబులో నా జీనోమ్, అంటే నా డీఎన్‌ఏ మొత్తం, చదివించాను. రిపోర్టుతో పాటు నా డీఎన్‌ఏలో తేడాల జాబితా ఉండే వీసీఎఫ్ ఫైలు ఇచ్చారు. అందులో కావాల్సిన లైన్లను, జీనోమ్‌ను పటంలా చూపించే యూసీఎస్‌సీ జీనోమ్ బ్రౌజర్ అనే వెబ్‌సైటులో పెట్టి చూసుకున్నాను. ఇది తెలుగులో చెప్పేవాళ్ళు నాకు దొరకలేదు, అందుకే రాస్తున్నాను.

ఈ బ్రౌజర్ అమెరికాలో శాంతాక్రజ్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళది. 2000 జులైలో మానవ జీనోమ్ మొదటి ముసాయిదాను అందరికీ నెట్‌లో పెట్టింది వీళ్ళే. పైసా కట్టక్కర్లేదు, చూడటానికి లాగిన్ కూడా అక్కర్లేదు. మై డేటా మెనూలో కస్టమ్ ట్రాక్స్ అని ఉంటుంది, మన వివరాలు అక్కడ పేస్ట్ చేస్తే మన ట్రాక్, అంటే మన డేటా చూపే వరుస, మిగతా జీన్ల పటం మీదికి వచ్చేస్తుంది.

నేను పప్పులో కాలేసింది వెర్షన్ దగ్గర. మా కోనసీమలో రీసర్వే అయిన ఊళ్ళలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీ నంబర్లు వచ్చాయి కదా, పాత అడంగల్ పట్టుకుని కొత్త పటంలో వెతికితే మీ చేను కనపడదు. ఇదీ అంతే. 2009 నాటి పటం హెచ్‌జీ19, 2013 చివర్లో వచ్చినది హెచ్‌జీ38. ల్యాబు రిపోర్టులో ఏ పటమో ఎక్కడా రాయలేదు. నేను హెచ్‌జీ38 తెరిచి పేస్ట్ చేస్తే, హిమోగ్లోబిన్‌లో ఒక భాగాన్ని తయారుచేసే బీటా గ్లోబిన్ జీన్‌లో ఉండాల్సిన మార్పు 21,230 డీఎన్‌ఏ అక్షరాల అవతల ఇంకో గ్లోబిన్ జీన్ గట్టు దగ్గర పడింది. ఆ రాత్రి నిద్ర లేదు. తెల్లారి ఫైలు పైభాగంలో ఉండే హెడర్ లైన్లు చదివితే హెచ్‌జీ19 అని తెలిసింది. లిఫ్ట్‌ఓవర్ అనే టూల్ అక్కడే ఉంది, పాత నంబరు ఇస్తే కొత్త నంబరు ఇస్తుంది. 11వ క్రోమోజోమ్‌లో 5,248,155 కాస్తా 5,226,925 అయింది.

ఇంకో మెలిక. వీసీఎఫ్‌లో లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది, పేస్ట్ చేసే పర్సనల్ జీనోమ్ ఎస్‌ఎన్‌పీ ఫార్మాట్‌లో మాత్రం సున్నా నుంచి. అందుకని మొదలు 5226924, చివర 5226925 అని ఇవ్వాలి. రిపోర్టులో జీ అనే డీఎన్‌ఏ అక్షరం స్థానంలో సీ అని ఉంటే నా ఫైల్లో సీ స్థానంలో జీ అని ఉంది, వేరే మనిషి ఫైలేమో అని భయపడ్డాను. కాదు. డీఎన్‌ఏకు రెండు పోగులు, ఒకదాని మీద జీ ఉంటే ఎదుట సీ ఉంటుంది. ఈ జీన్ ఎదురు పోగు మీద ఉంటుంది, పటంలో కుడి నుంచి ఎడమకు చదవాలి, రెండూ ఒకటే మార్పు. మన దేశంలో బీటా తలసీమియాకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే.

సరైన చోట పడ్డాక మాత్రం కళ్ళు చెమర్చాయి. పక్కనే ఏ మార్పు జబ్బు తెస్తుందో నమోదు చేసే క్లిన్‌వార్ ట్రాక్ ఆన్ చేస్తే అదే చోట వ్యాధికారకం అని గుర్తు. వెయ్యి జీనోముల ప్రాజెక్టు ట్రాక్ కూడా ఉంది, అందులో 2,504 మంది, వాళ్ళలో బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళు 102 మంది. ప్రపంచ పటంలో మన భాష పేరుతో ఒక వరుస ఉండటం ఎంత సంతోషం వేసిందో!

ఒక్క మాట గట్టిగా చెబుతాను, ఫైలు మొత్తం పెట్టకండి. ఒక మనిషిలో 40 నుంచి 50 లక్షల తేడాలుంటాయి, అంత పెద్ద ఫైలును బ్రౌజర్‌కు చూపించాలంటే నెట్‌లో ఎక్కడో ఒక లింకులో పెట్టాలి. ఆ లింకు ఎవరి చేతిలో పడ్డా నా ఒక్కడిదే కాదు, అమ్మదీ చెల్లిదీ సగం బయటపడినట్టే. వాళ్ళను అడగకుండా ఆ పని చేయడం తప్పు. నేను ఈ జీన్ వరకు నాలుగు లైన్లే పేస్ట్ చేశాను, నా తెర అలాగే చూపించే సెషన్ లింకు ఎవరికీ పంపలేదు. అంతా చూడాలనుకుంటే మన కంప్యూటర్లోనే నడిచే జీనోమ్ బ్రౌజర్ ఇన్ ఎ బాక్స్ ఉంది, సొంత వాడకానికి ఉచితం, డేటా ఇల్లు దాటదు.

ఫోన్‌లో వద్దు, ల్యాప్‌టాప్ మీద చూడండి. ఇది డాక్టరు కాదని కూడా గుర్తుంచుకోండి, మార్పు ఎక్కడుందో చూపిస్తుంది, అంతే. బావకు ఇంత అవసరమే లేదు, ముందు హెచ్‌పీఎల్‌సీలో ఏ2 అనే హిమోగ్లోబిన్ రకం ఎంతుందో చూస్తే చాలని డాక్టరుగారు అన్నారు, 3.5 శాతం దాటితేనే తర్వాతి మాట. శనివారం తీసుకెళ్తున్నాను.