వెక్టార్ అని చెప్పి జేపీజీ అంటగట్టాడు. డబ్బు పంపే ముందు ఫైలు తెరిచి చూడండి

రేడియం కటింగ్, ఫ్లెక్స్, స్క్రీన్ ప్రింటింగ్ పనులు చేసే అన్నలూ తమ్ముళ్ళూ, ముందు ఇది చదవండి. "ఏ బొమ్మనైనా 24 గంటల్లో వెక్టార్ చేసి ఇస్తాం" అని రోజూ పోస్టులు పెడతాడే, మీ అందరికీ తెలిసినవాడే, అతనికి సోమ, మంగళవారాల్లో కలిపి 3,500 రూపాయలు పంపాను. వెక్టార్ అంటే బ్లేడు నడిచే గీతలుగా ఉన్న బొమ్మ, జేపీజీ అంటే చుక్కలతో (పిక్సెళ్ళతో) ఉన్న మామూలు ఫొటో. ఈరోజు శుక్రవారం. కొయ్యడానికి పనికొచ్చే గీత ఒక్కటి కూడా నా చేతికి రాలేదు. వినైల్ (స్టిక్కర్ షీటు) పాడైంది, నాలుగు రోజులు పోయాయి, ఇచ్చిన మాట పోయింది.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు మీదున్న ఊరు. పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నం రూటులో తిరిగే ఆటోలవాళ్ళు 60 బళ్ళకి స్టిక్కర్లు చెప్పారు. గుండ్రం మధ్యలో సింహం, దాని వెనక త్రిశూలం, పైన తెలుగులోనూ కింద ఒడియాలోనూ రెండూళ్ళ పేర్లు. వాళ్ళ దగ్గరున్నది పాత రసీదు పుస్తకం అట్టకి ఫోనులో తీసిన ఫొటో ఒక్కటే. పెళ్ళిళ్ళ పని మీద పడి ఉన్నాను, గీసే తీరిక లేదు. 2,000 అడ్వాన్సు, ఫైలు సిద్ధమయ్యాక 1,500 అన్నాడు. మర్నాడు స్క్రీన్‌షాట్ పంపాడు. నున్నగా, శుభ్రంగా ఉంది. మిగతాది కూడా వెంటనే పంపేశాను. అదీ నేను చేసిన తప్పు. తొమ్మిదేళ్ళుగా ఈ మెషిన్ ముందు కూర్చుంటున్నవాణ్ణి, స్క్రీన్‌షాట్ చూసి వెక్టార్ అని ఎలా నమ్మానో నాకే అర్థం కావడం లేదు. స్క్రీన్‌షాట్‌లో జేపీజీ అయినా వెక్టార్ అయినా ఒకేలా కనబడుతుంది కదా.

రాత్రి పది దాటాక ఫైలు తెరిచి, ఎర్ర వినైల్ ఎక్కించి ప్లాటర్‌కి (స్టిక్కర్ కోసే మెషిన్‌కి) పంపాను. బ్లేడు కిందికి దిగింది. ఎడమ నుంచి కుడికి ఒక గీత, కిందికి ఒకటి, మళ్ళీ ఎడమకి, మళ్ళీ పైకి. ఆగిపోయింది. నాలుగు గీతలు, అంతే. ఎర్ర వినైల్ మీద చక్కగా కోసిన నలుచదరం, లోపల సింహం లేదు, అక్షరం లేదు. పక్కనున్న కుర్రాడు "ఏటన్నా ఇది?" అన్నాడు. అప్పుడు కంట్రోల్, నంబర్ ప్యాడ్ 5 నొక్కి ఇంక్‌స్కేప్‌ని (బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) ఔట్‌లైన్ మోడ్‌లోకి తెచ్చాను, అందులో రంగులు పోయి గీతలు మాత్రమే కనబడతాయి. బొమ్మ గీతలేవీ లేవు, ఫొటో చట్రం ఒక్కటే కనబడింది. స్క్రీన్‌షాట్‌లో చూపించిన జేపీజీనే తీసుకొచ్చి ఎస్‌వీజీ (వెక్టార్ బొమ్మలు దాచే రకం) ఫైలులో పెట్టి, చుట్టూ ఒక డబ్బా గీసి క్లిప్ చేసి పంపాడన్నమాట.

వెంటనే ఫోన్ చేశాను. కోపంగా కూడా మాట్లాడలేదు, నిజం చెబుతున్నాను. "తమ్ముడూ, పొరపాటున వేరే ఫైలు వచ్చినట్టుంది" అన్నాను. అతను అన్న మాటలు ఇవి: "ఎస్‌వీజీ అడిగావు, ఎస్‌వీజీ ఇచ్చాను. ఫైలు పేరు చివర ఏముందో చదువుకో. సాఫ్ట్‌వేర్ వాడడం రాకపోతే నన్నేం చెయ్యమంటావు?" ఔట్‌లైన్‌లో ఏమీ లేదు, చూడు అన్నాను. దానికి నవ్వాడు. నవ్వి, "ఒడిశాలో కూర్చున్నవాడికి తెలుగులో చెబితే ఏం ఎక్కుతుందిలే" అని ఫోన్ పెట్టేశాడు.

డబ్బు సంగతి తర్వాత. ఈ మాట నాకు ఇప్పటికీ దిగడం లేదు. మా ఊరు 1936లో ఒడిశాలో కలిసే వరకు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ప్రతి ఆగస్టు 29న మీరంతా తెలుగు భాషా దినోత్సవం అని ఫొటోలు పెడతారే, ఆ రోజు ఆయన పుట్టినరోజే. మా ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో రెండూ. నేను రెండు లిపుల్లో బోర్డులు రాసి బతుకుతున్నాను. తన మోసం దొరికిపోయేసరికి అవతలివాడి ఊరి మీద, భాష మీద పడ్డాడు. అది నేను వదలను.

గ్రూపులో పెడతానని మెసేజ్ చేస్తే బుధవారం రెండో ఫైలు వచ్చింది. ఈసారి ఔట్‌లైన్‌లో గీతలున్నాయి. సంతోషించాను కూడా. సింహం మీద నొక్కి కింద స్టేటస్ బార్ చూస్తే ఆ ఒక్క సింహానికే 11,000కి పైగా నోడ్లు (గీతని పట్టి ఉంచే చుక్కలు). ఆ ఫోన్ ఫొటోనే ఆటో ట్రేస్‌లో (ఫొటో చూసి సాఫ్ట్‌వేరే గీతలు గీసేసే పద్ధతి) వేసి, బటన్ నొక్కి, వచ్చింది వచ్చినట్టు పంపాడు. రసీదు పుస్తకం కాగితం మీది మరకలు కూడా చిన్న చిన్న దీవుల్లా వచ్చాయి. రంగుల పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. తెర మీద పైపొర ఒక్కటే కనబడుతుంది కాబట్టి బాగానే ఉంటుంది. బ్లేడుకి రంగు తెలియదు, ఉన్న ప్రతి గీత మీదా నడుస్తుంది. ఒకే అంచు మీద మూడుసార్లు నడిచి వెనక కాగితం దాకా తెగింది. అదనపు వినైల్ పీకుతుంటే జూలు మొత్తం ముక్కలై చేతికి అంటుకుని వచ్చేసింది.

అక్షరాల సంగతి ఇంకా ఘోరం. తెలుగులో ప కి, వ కి తేడా ఎంతో మీకు తెలుసు. ప లో పైభాగం ఒంటికి అంటకుండా విడిగా ఉంటుంది, వ లో కలిసిపోతుంది. ఫొటోలో ఆ సందు రెండు మూడు పిక్సెళ్ళు కూడా లేదు, ట్రేస్ దాన్ని పూడ్చేసింది. శాంపిల్ చూడ్డానికొచ్చిన ఆటో పెద్దాయన స్టిక్కర్‌ని వెలుతురుకి పెట్టి కూడబలుక్కుని చదివి, "ఏటి బాబూ ఇది, వాతవట్నమా?" అన్నాడు. ఆయన ముందు తల ఎత్తలేకపోయాను. ఒడియా అక్షరాల నెత్తి మీది గుండ్రాలు కూడా సగం పూడిపోయి మచ్చల్లా ఉన్నాయి. కింది లైను మళ్ళీ రాయవలసిందే.

ఆటో ట్రేస్ వాడడం తప్పని నేననను. పెద్ద సైజులో, నలుపు తెలుపుల్లో శుభ్రంగా స్కాన్ చేసిన బొమ్మయితే ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్ గానీ, కోరెల్ అనే సాఫ్ట్‌వేర్‌లో పవర్‌ట్రేస్ గానీ బాగానే పనిచేస్తాయి. ఆ తర్వాత కూర్చుని నోడ్లు తగ్గించాలి, మరకలు తీసెయ్యాలి. మనం డబ్బిచ్చేది ఆ కూర్చునే పనికే.

చివరికి నిన్న రాత్రి నేనే గీశాను. ఫొటోని కింది లేయర్‌లో పెట్టి, పలచన చేసి, తాళం వేశాను. గుండ్రాలు ట్రేస్ చెయ్యలేదు, సర్కిల్ టూల్‌తో వేశాను. త్రిశూలం సగమే గీసి, నకలు తీసి, హెచ్ నొక్కి తిప్పి, రెండు సగాలనీ యూనియన్ చేశాను (ఒకే ఆకారంగా కలిపాను), రెండు పక్కలా ఒక్క వెంట్రుక కూడా తేడా రాదు. సింహాన్ని పెన్ టూల్‌తో, వంపు తిరిగే చోట మాత్రమే నోడ్ పెడుతూ గీస్తే 140 నోడ్లలో అయిపోయింది. వీపు వంపు మొత్తానికి మూడే. అతని ఫైలులో అదే వీపు రంపపు పళ్ళలా ఉంది. అక్షరాలు ఫొటో నుంచి తియ్యనే లేదు, యూనికోడ్ ఫాంట్‌లో కొత్తగా టైప్ చేసి ఆబ్జెక్ట్ టు పాత్ కొట్టాను, అంటే అక్షరాలని గీతలుగా మార్చాను. మందం ఇచ్చిన గీతలన్నిటికీ స్ట్రోక్ టు పాత్, అంటే మందం అంచులనే గీతలుగా మార్చడం. అది చెయ్యకపోతే ప్లాటర్ గీత నడిమధ్య ఒక్క కోత కోసి ఊరుకుంటుంది, కొత్తగా చేరినవాళ్ళు ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. రాత్రి రెండింటికి కోస్తే మొదటిసారే జూలు చెక్కుచెదరకుండా లేచింది. ప లో సందు సందులాగే ఉంది. నాలుగు గంటల పని. దీనికోసం నాలుగు రోజులు పోగొట్టుకున్నాను.

బయట చేయించుకునేవాళ్ళు స్క్రీన్‌షాట్ నమ్మకండి. ఔట్‌లైన్ మోడ్‌లో పెట్టి, జూమ్ చేస్తూ తీసిన వీడియో అడగండి. ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్ పట్టుకుని నంబర్ ప్యాడ్ 5, ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్ వై, కోరెల్‌లో వ్యూ మెనూలో వైర్‌ఫ్రేమ్. సాఫ్ట్‌వేర్ లేకపోయినా ఎస్‌వీజీని నోట్‌ప్యాడ్‌లో తెరవచ్చు, అది లోపల మామూలు రాతే. పాత్ అనే మాటలు, వాటి పక్కన అంకెలు కనబడితే గీతలున్నట్టు. ఇమేజ్ అని ఉండి, దాని కింద అంతులేని అక్షరాల గుట్ట ఉంటే ఫొటో దాచినట్టు. నాకొచ్చిన మొదటి ఫైలు 2 ఎంబీ దాటింది, నేను గీసింది 40 కేబీ కూడా లేదు. ఇంక్‌స్కేప్ ఉచితం, చూడ్డానికి పైసా ఖర్చు లేదు. కోరెల్ ఫైలు తీసుకుంటే అక్షరాలు కంట్రోల్ క్యూతో కర్వ్స్ (గీతలుగా) చేసిన కాపీ ఒకటి, చెయ్యనిది ఒకటి, రెండూ అడగండి. లేకపోతే ఆ ఫాంట్ మన సిస్టమ్‌లో లేనప్పుడు తెలుగంతా పిచ్చి గుర్తులైపోతుంది.

డబ్బు వెనక్కి అడిగాను, నన్ను బ్లాక్ చేశాడు. ఫోన్ రికార్డింగ్, రెండు ఫైళ్ళు, పేమెంట్ వివరాలు నా దగ్గరున్నాయి, అడ్మిన్ అన్న అడిగితే ఇప్పుడే పంపుతాను. ఈ వారం ఎవరైనా అతనికి అడ్వాన్స్ పంపి ఉంటే, మిగతాది పంపకుండా ముందు ఆ ఫైలు నాకు పంపండి. తెరిచి చూసి ఐదు నిమిషాల్లో చెబుతాను.