రాత్రిపూట ఇంట్లో దొంగలు పడితే: మా ఏర్పాట్లు, ఏళ్ల తరబడి వాడి చూశాక

గట్టి గడియ, తలుపులకు సెన్సర్లు, తలుపు కింద దూర్చే అలారం, మంచం పక్కన టార్చి. వీటితోపాటు ఇంటిల్లిపాదీ అప్పుడప్పుడూ చేసే ఒక కసరత్తు. రాత్రిపూట ఎవరైనా ఇంట్లోకి చొరబడితే ఎలా అన్న భయానికి మేం చేసుకున్న ఏర్పాట్లివి. ఇలాంటి వస్తువుల గురించి పెట్టె విప్పిన వారంలోనే రాసేస్తుంటారు చాలామంది. బ్యాటరీలు ఎన్నోసార్లు మార్చాక, పిల్లలు ఎదిగాక, మా అత్తయ్యకు నడక కష్టమయ్యాక వీటిలో ఏది నిలిచిందో, ఏది అటకెక్కిందో చెబుతాను.

అన్నిటికంటే గట్టిగా నిలబడింది మేం పెట్టుకున్న నియమం. అనుమానం కలిగే చప్పుడైతే చూడ్డానికి ఎవరూ వెళ్లరు. అందరూ అత్తయ్య గదిలోకి చేరి, లోపల గడియ పెట్టి, ఫోన్ చేస్తారు. అంతే. గాఢనిద్రలోంచి లేచినవాళ్లకు బుర్ర పూర్తిగా తేరుకోవడానికి 15 నుంచి 30 నిమిషాలు పట్టొచ్చు. ఆ మత్తులో, ఆ చీకట్లో ఆలోచించి నిర్ణయాలు తీసుకునే పని పెట్టుకోకూడదు. కాళ్లు వాటంతటవే కదిలేంత చిన్న మాట ఒకటి ఉంటే చాలు.

అత్తయ్య గదే ఎందుకంటే, ఆవిడ మోకాళ్ల నొప్పులతో మంచం దిగి, చేతికర్ర అందుకుని, హాలు దాటి రావడం అయ్యే పని కాదు. ఇంట్లో అందరికంటే నెమ్మదిగా కదిలే మనిషి ఎక్కడ పడుకుంటే మిగతావాళ్లు అక్కడికే చేరాలి. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో ఆ బిడ్డ పడుకునే గది అవుతుంది. కసరత్తు మొదలుపెట్టిన కొత్తలో ఆవిడ "నా కోసం ఆగకండమ్మా, పిల్లల్ని తీసుకుని మీరు వెళ్లిపోండి" అనేవారు. "ఆగడం లేదత్తయ్యా, మేమే మీ దగ్గరికి వస్తున్నాం" అంటే ఆవిడ మొహంలో కనబడిన నిబ్బరం చూశాక, ఈ ఒక్క మార్పే మిగతా అన్నిటికంటే విలువైందని నాకు గట్టిగా అనిపించింది. ఇప్పుడు మేం చేరేసరికి ఆవిడ మంచం మీద లేచి కూర్చుని, ఫోన్ చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉంటారు.

ఆ గది తలుపు మీద పెట్టిన ఖర్చు పూర్తిగా సార్థకమైంది. గడియ ఎంత బరువైనదైనా, అది దిగే పట్టీని చట్రానికి బిగించిన స్క్రూలు పొట్టివైతే, ఒక్క తన్నుకు ఆ చుట్టూ ఉన్న చెక్క చీలిపోతుంది. పట్టీ మార్చి, 75 మిల్లీమీటర్ల స్క్రూలు వేయించాం. లోపల డొల్లగా ఉన్న పాత తలుపు తీసేసి నిండు చెక్కది పెట్టించాం. వాన రోజుల్లో చెక్క ఉబ్బి గడియ సరిగ్గా కూర్చోదు, అంచు కాస్త చిత్రిక పట్టించుకోవాల్సి వస్తుంది. ఈ ఏర్పాటుతో ఇన్నేళ్లలో వచ్చిన ఇబ్బంది అదొక్కటే. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. లోపలి నుంచి తెరవడానికి తాళంచెవి కావాల్సిన తాళం ఆ తలుపుకు పెట్టకండి. రేపు నిప్పంటుకుంటే చెవి వెతుక్కునే వ్యవధి ఉండదు. కిటికీకి ఊచలుంటే, లోపలి నుంచి తెరుచుకునే భాగం ఒకటి ఉండి తీరాలి.

నిప్పు మాట వచ్చింది కాబట్టి పిల్లల గురించి చెప్పాలి. మంటలు లేస్తే బయటికి పరుగెత్తాలి, దొంగ వస్తే లోపలికి చేరాలి. రెండూ పూర్తిగా ఎదురు పనులు. సైరన్ ఏది మోగినా పిల్లలకు ఒకటే, హడలిపోతారు. చాలా పొగ అలారాలు మూడు కూతలు కూసి, కాస్త ఆగి, మళ్లీ మూడు కూస్తాయి. దాన్ని పగటిపూట మోగించి వాళ్లకు గుర్తుండేలా చేశాం. దాంతోపాటు నోటి మాటలు వేరు చేశాం. మంటకైతే "బయటికి", చొరబాటుకైతే "నానమ్మ గది". చిన్నది కొన్నాళ్లు "దొంగ" అన్న మాట వింటేనే నిద్రపోయేది కాదు. అందుకే కసరత్తులో ఆ మాట వాడం. "చప్పుడైతే ఎక్కడికి?" అని అడుగుతాం, "నానమ్మ గదికి" అంటుంది.

తలుపు కింద దూర్చే అలారం నన్ను నిరాశపరిచింది. 120 డెసిబెల్స్ అని పెట్టె మీద రాసి ఉంటుంది, మోత నిజంగానే చెవులు చిల్లులు పడేలా ఉంది. కానీ నున్నటి నేల మీద తలుపు తోస్తే దాంతోపాటే జారిపోతుంది, తివాచీ ఉన్నచోట పర్వాలేదు. రోజూ రాత్రి పెట్టి పొద్దున్నే తీయడం ఏ ఇంట్లోనూ ఎక్కువ కాలం సాగే పని కాదు. పైగా అంత మోతకూ మా చిన్నది కదల్లేదు. భుజం మీద చెయ్యేసి పేరు పెట్టి పిలిస్తే మాత్రం వెంటనే కళ్లు తెరిచింది. చిన్నపిల్లలు కీచుమనే పెద్ద మోతకు లేస్తారన్న భరోసా పెట్టుకోవద్దు. ఎవరు ఎవరిని లేపాలో ముందే అనుకోండి. మా ఇంట్లో పెద్దవాడు చెల్లెల్ని లేపి తీసుకొస్తాడు.

కదలికను పసిగట్టే సెన్సర్ మనుషుల ఒంటి వేడిని బట్టి పనిచేస్తుంది. అత్తయ్య రాత్రి బాత్రూమ్‌కి లేచినా, వేడిగాలి తగిలినా మోగేది. ఊరికే మోగే అలారం చివరికి ఎవరినీ లేపదు, అటు తిరిగి పడుకుంటారు. సైరన్ తీసేసి దాన్ని వరండా దీపానికి మాత్రమే కలిపాం, అక్కడ చక్కగా పనిచేస్తోంది. తలుపులకూ కిటికీలకూ పెట్టే అయస్కాంతం సెన్సర్లు మాత్రం బంగారం లాంటివి. తలుపు కదిలితే తప్ప మోగవు. అతికించే టేపు ఎండకు ఊడిపోతుంది, స్క్రూలతో బిగించుకోండి.

ఫోన్ విషయంలో ఎక్కువమంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఐఫోన్‌లో పక్క బటన్‌నూ వాల్యూమ్ బటన్‌నూ కలిపి నొక్కి పట్టుకుంటే అత్యవసర కాల్ వెళ్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్ 5 సార్లు నొక్కాలి. అయితే కాల్ వెళ్లే ముందు ఫోన్ సైరన్‌లా కూయొచ్చు. గదిలో దాక్కున్నప్పుడు అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. ఆ శబ్దాన్ని ఆపే వీలు సెట్టింగుల్లో ఉంది, ఇప్పుడే చూసి పెట్టుకోండి. భారత్‌లోనూ ఐరోపా దేశాల్లోనూ 112 పనిచేస్తుంది. ముందు అడ్రసు చెప్పాలి, మధ్యలో కాల్ తెగినా వాళ్లకు దారి తెలుస్తుంది. ఆ తర్వాత ఎంతమంది ఉన్నాం, ఏ గదిలో ఉన్నాం అన్నది. పోలీసులకు మనమెవరో తెలియదు కాబట్టి వాళ్లు లోపలికొచ్చాక చేతిలో ఏమీ పట్టుకుని కనబడకూడదు. అడ్రసు పెద్ద అక్షరాలతో రాసి ఆ గది తలుపు లోపలివైపు అంటించాం. నోటికి వచ్చిన అడ్రసు కూడా భయంలో తడబడుతుంది.

కర్రలు, కత్తులు మంచం కింద పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అర్ధరాత్రి ఇంట్లో వినబడే అడుగులు ఎక్కువసార్లు మనవాళ్లవే. ఆలస్యంగా ఇల్లు చేరే మా మరిది గుమ్మంలోకి రాగానే "వదినా, నేనే" అని పిలవడం అలవాటు చేసుకున్నాడు. పిలుపు వినబడకపోతే ఎవరూ తలుపు తీయరు, ముందు అతనికి ఫోన్ చేస్తాం. టార్చి కూడా ఆ గదిలోనే ఉంటుంది, దాన్ని పట్టుకుని ఇల్లంతా తిరగడానికి కాదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు ఆ ఒక్క గది తలుపు బాగు చేయించండి, తర్వాత అయస్కాంతం సెన్సర్లు కొనండి. కెమెరాలు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. కరెంటుతో నడిచేవి కరెంటు పోతే ఆగిపోతాయి, వాటికీ రౌటర్‌కూ బ్యాటరీ ఆధారం చూసుకోవాలి. తలుపు కింది అలారం ప్రయాణాల్లో గది తలుపుకు పనికొస్తుంది. ఇంటికోసమైతే మళ్లీ కొనను.