అంగన్‌వాడీలో స్పీకర్, ట్యాబ్: మూడేళ్లు వాడిన టీచర్ మాట

దేవరకొండ వైపు ఒక తండాలో అంగన్‌వాడీ టీచర్‌గా చేస్తున్నా. హైదరాబాద్‌లో స్థిరపడిన మా తండావాళ్లు చందాలు వేసుకుని సెంటర్‌కు ఎనిమిది అంగుళాల ట్యాబ్, చిన్న బ్లూటూత్ స్పీకర్ కొనిచ్చి మూడేళ్లు దాటింది. సెక్టార్ మీటింగ్‌లో కలిసిన ప్రతిసారీ "ఏది కొనమంటవక్కా" అని తోటి టీచర్లు అడుగుతున్నారు, వాళ్ల కోసం రాస్తున్నా.

ఒకటే కొనే స్తోమత ఉంటే స్పీకర్ కొనండి. దానికి తెర లేదు, నాకు నచ్చింది అదే. పాట పెడితే చూడ్డానికేమీ ఉండదు కాబట్టి పిల్లలు లేచి చప్పట్లు కొడతారు, బతుకమ్మ ఆడినట్టు గుండ్రంగా తిరుగుతారు. మా పిల్లలు ఇంట్లో మాట్లాడేది లంబాడీ. జూన్‌లో కొత్తగా వచ్చిన మూడేళ్ల పిల్లకు నా తెలుగు సగం కూడా అర్థం కాదు, ఇక ఏడుపే. అందుకని ఇంటింటికీ పోయి నానమ్మల పాటలు, కథలు ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చాను. పొద్దున పిల్లలు వచ్చే వేళకు అవే పెడతాను. తన నానమ్మ గొంతు వినబడి, చెప్పులు కూడా విడవకుండా లోపలికి ఉరికొచ్చిన పిల్లను చూశాను. అదే కథను మధ్యాహ్నం బొమ్మలతో తెలుగులో చెబుతాను. కథ ముందే తెలుసు కాబట్టి మాటలు తొందరగా పట్టుకుంటారు. రికార్డు చేసేటప్పుడు ఫ్యాన్ ఆపండి, లేకుంటే హోరు తప్ప ఏమీ వినపడదు.

ట్యాబ్ వీడియోల కోసమైతే వద్దంటాను. రైమ్స్ పెట్టగానే గది సద్దుమణుగుతుంది. చూడవచ్చిన పెద్దలు మెచ్చుకుంటారు కూడా. కానీ నాలుగేళ్ల పిల్లలు ఇరవై మంది ఒక్క మాటా లేకుండా కూర్చుంటే నాకు దిగులేస్తుంది. ఆపితే పేచీ. ఈ వయసు పిల్లలు తెర ముందు కూర్చునేది రోజుకు గంట దాటొద్దని, ఎంత తగ్గితే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆటాపాటా మాత్రం కనీసం 3 గంటలుండాలంది. ఆ గంట చాలామందికి ఇంట్లో ఫోన్‌తోనే అయిపోతోంది.

మరి ట్యాబ్ ఎందుకంటే, కెమెరా కోసం. సెంటర్ వెనక జిల్లేడు చెట్టు మీద నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళిపురుగు కనబడింది. రోజుకొకరి చేత ఒక్క ఫోటో తీయించాను. అది ఆకులు తిని లావైంది, తలకిందులుగా వేలాడింది, ఆకుపచ్చ గూడైంది. ఒకరోజు గూడు పల్చబడి లోపలి నారింజ రెక్కలు కనిపించాయి. మర్నాటికి ఉత్త డొల్ల. "పురుగు యాడికి పోయింది టీచర్?" అనడిగిన పిల్లకు జవాబు చెప్పకుండా ట్యాబ్ చేతికిచ్చాను. నలుగురు చేరి ఫోటోలు వెనక్కీ ముందుకీ జరుపుకుంటూ, "గిది ముందుగాల", "కాదు, గది ఎన్క" అని కొట్లాడుకుని వాళ్లే తేల్చారు. రెండు మూడు వారాలు సాగిన మార్పును అంత చిన్నపిల్లలు వరసగా గుర్తుంచుకోవడం కష్టం, ఫోటోలు ఆ వరస చూపించాయి. తర్వాత ట్యాబ్ అక్కడే పడేసి మట్టితో పురుగులు చేయడానికి పోయారు.

నలుగురైదుగురికి మించి ట్యాబ్ చుట్టూ చేర్చకండి, వెనకున్నవాళ్లకు వీపులే కనిపిస్తాయి. మా ఎండలకు కిటికీ దగ్గర పెడితే బాగా వేడెక్కి ఛార్జింగ్ ఎక్కదు. నెట్ ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉంచుతాను. పిల్లల మొహాలున్న ఫోటోలు వాట్సాప్ గ్రూపులకు పోనివ్వను. పిల్లల బరువులు, ఎత్తులు ఫోన్‌లోని పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో ఎక్కించే పని పిల్లలు పడుకున్నాక పెట్టుకుంటాను. వాళ్లు మెలకువగా ఉన్నప్పుడు నా కళ్లు ఫోన్‌లో ఉండటం నాకు ఇష్టం లేదు.

2023లో కేంద్రం తెచ్చిన జాదూయీ పిటారా పెట్టె 3 నుంచి 8 ఏళ్ల పిల్లల కోసమే. అందులో పెద్దపీట ఆటబొమ్మలకు, పజిళ్లకు, తోలుబొమ్మల్లాంటి వాటికి. మీ సెంటర్‌లో అలాంటివి లేకుంటే చందా డబ్బులు ముందు వాటికే పెట్టండి. ఫోటోలకు ఎవరింట్లోనైనా మూలన పడ్డ పాత ఫోన్ అడిగి తెచ్చుకుని, సిమ్ తీసేసి వాడుకోవచ్చు.